పుర్రచేతి కత్తి

మొన్న మా మనవరాలు కత్తులకు సాన పెట్టే డబ్బా ఒకటి తెప్పించుకుంది. అరచేతిలో పట్టేంత డబ్బా. దాని గాడిలో కత్తి పెట్టి నాలుగుసార్లు లాగితే పని అయిపోయినట్టేనట. వంటింట్లో నిలబడి టమాటా కోసి చూపించింది. "చూసినవా అమ్మమ్మా, ఎట్ల తెగుతుందో!" నిజమే, తెగుతోంది. నేను ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. కత్తి తీసుకుని బొటనవేలి గోరు మీద ఆనించి చూశాను. "పదునున్నది గని కడుపు లేదే దీనికి. జల్దీ మొద్దువారుతది" అన్నాను. "కత్తికి కడుపేంది అమ్మమ్మా?" అని అది పకపకా నవ్వింది.

నవ్వక ఏం చేస్తుంది పాపం. ఆ మాట అనేవాళ్లు ఇప్పుడెవరూ లేరు, అనాల్సిన అవసరమూ ఎవరికీ లేదు. కానీ ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు. కరీంనగర్‌లో, మూడో అంతస్తు బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కింద ఆటోల మోత. నా చెవుల్లో మాత్రం చెక్క మీద కత్తి నడుస్తున్న చప్పుడు. అది మొదలైతే తొందరగా ఆగదు.

మాది చెన్నూరు అవతల గోదావరి దిక్కున ఒక చిన్న ఊరు. ఊరి పక్కనే వాగు, వాగుకు ఇటూ అటూ తాడిచెట్లు. ఇప్పుడక్కడ చెట్లు లేవు, పత్తి చేన్లున్నాయి. మేం నాయనను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. బాపుది కల్లు గీత పని. మా ఇంట్లో పొద్దు కత్తి నూరడంతో మొదలయ్యేది. బాపు వాకిట్లో కాళ్లు చాపుకుని, వాటి మధ్య మూరెడు చెక్క పెట్టుకుని కూర్చునేవాడు. పక్కన కొబ్బరిచిప్పలో పలుగురాయి పొడి. ఆ పొడి చేయడం నా వంతు. వాగులో తెల్లరాళ్లు ఏరుకొచ్చి, దంచి, పాత చీరెగుడ్డలో జల్లించాలి. జల్లించేటప్పుడు ముక్కులోకి పోయి తుమ్ములే తుమ్ములు. "దాని తుమ్ములకే పొడంత లేసిపోతున్నది" అని అవ్వ పొయ్యి దగ్గర నుంచి గునిసేది.

బాపు చిటికెడు పొడి చెక్క మీద చల్లి, కత్తిని ఆనించి ముందుకు తోసేవాడు. తోస్తూ తోస్తూ చివర్లో మణికట్టును కొంచెం పైకి లేపేవాడు. కిటుకంతా ఆ లేపడంలోనే ఉంది. చదునుగా నూరితే అంచు కాగితంలా పలచబడుతుంది. తాడిచెట్టు పూతగెల చివర కోస్తేనే కదా లొట్టిలోకి కల్లు కారేది. పలచటి అంచు ఆ గెలలోకి దిగబడి ఇరుక్కుంటుంది, లేదంటే మడత పడుతుంది. మణికట్టు లేపుతూ నూరితే అంచు పక్కన చింతగింజకు ఉన్నట్టు సన్నటి గుండ్రం వస్తుంది. దాన్నే బాపు కడుపు అనేవాడు. కడుపున్న కత్తి కోస్తూ కోస్తూనే, కోసిన పొరను తానే పక్కకు నెట్టేస్తుంది. ఉల్లిపొర లాంటి చెక్కు రాలుతుంది. అట్లా రోజూ పొద్దునా సాయంత్రం గీస్తేనే చెట్టు పారుతుంది. గీత చెడితే గెల ఎండిపోతుంది, ఇక ఆ యేటికి ఆ చెట్టు లేనట్టే.

అన్న నాకంటే చాలా పెద్ద. మీసం మొలిచినప్పటి నుంచి వాగవతలి చెట్లు అతనివే. అన్నది పుర్రచెయ్యి. మొదట్లో బాపు ఆ ఎడమచేతిని నడుముకు కట్టేసి కుడిచేత్తో గీయడం నేర్పాలని చూశాడట. కుడిచేత్తో గీసిన గెలలన్నీ ఎండిపోయాయట. "ఇగ నీకు నచ్చిన చేత్తోనే సావు పో" అని విసిగి వదిలేశాడట. ఆ మాట అన్నందుకు బాపు తరవాత ఎంత ఏడ్చాడో నాకు తెలుసు. పుర్రచేతివాడి కత్తికి కడుపు అవతలి పక్కన ఉంటుంది. అందుకని అన్న కత్తి వేరు, నూరుకునే చెక్క వేరు. ఎవరి కత్తి వాళ్లే నూరుకోవాలి, ఒకరిది ఒకరు ముట్టకూడదు.

అన్న ఒట్టి అల్లరివాడు. కత్తి నూరడం అయిపోగానే పదును దేని మీద చూద్దామా అని దిక్కులు చూసేవాడు. ఒకరోజు నా జడ కొన మీద చూశాడు. రిబ్బన్‌తో సహా కొన తెగి కింద పడింది. నేను ఊరంతా వినబడేలా ఏడ్చాను. అవ్వ చీపురు పట్టుకుని వాకిలంతా తరిమింది. "ఆగవ్వా, జర ఆగు! నొప్పి లేసిందా అడుగు దాన్ని. గంత పదునున్నది!" అని అన్న పరిగెత్తుతూనే అరిచాడు. సాయంత్రం నన్ను చల్లబరచడానికి ముంజలు కోసుకొచ్చి, తిన్నాక ఆ కాయలతోనే బండి చేసి ఇచ్చాడు. కల్లు దించి తెచ్చినప్పుడు లొట్టి అంచు మీది నురగ వేలితో తీసి నాకితే చూసీ చూడనట్టు ఉండేవాడు. మా ఇల్లంతా పులిసిన కల్లు వాసన, జొన్నరొట్టెల వాసన, ఎల్లిపాయ కారం వాసన. ఆ వాసనల్లో నేను పెరిగాను.

ఆ యేడు ఎండాకాలం నడిమిట్ల వాన పడింది. చెట్ల మొద్దులు తడిసి జారుతున్నాయి. ఈ పూట వద్దు కొడుకా అని అవ్వ అన్నది. "తప్పితే గెల ఎండుతదవ్వా. గిప్పుడే వస్త" అని చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని పోయాడు. ఆ మోకే జారింది. మనుషులు ఎత్తుకొచ్చేసరికి ప్రాణం లేదు. ఇంతకంటే నేను చెప్పలేను. ఇప్పటికీ ఎండాకాలంలో వాన పడి మట్టి వాసన వస్తే నేను లేచి కిటికీలు మూసేస్తాను.

మావాళ్లలో ఒక పద్ధతి ఉండేది. గీత పని చేసినవాడు పోతే అతని కత్తిని బొందలో అతని చేతి పక్కనే పెట్టి మట్టి పోస్తారు. మా పెద్దబాపు, అంటే బాపుకు అన్న, అన్నీ దగ్గరుండి చేయిస్తున్నాడు. "పోరనిది పుర్రచెయ్యి గదా, ఎడమ దిక్కు పెట్టాలె. కత్తి తెండ్రి" అన్నాడు.

అవ్వ కళ్లెత్తకుండా చెప్పింది. "కత్తి ఏడిది బావా? పడ్డప్పుడు వాగులవడి కొట్టుకపోయింది."

"గట్లంటే ఎట్ల? కత్తి ఎంబడి పోకుంటే మనిషి చెట్టు దిగడు. గా చెట్ల మీదనే ఉండిపోతడు. జర మంచిగ దేవులాడుండ్రి."

మగవాళ్లంతా వాగులో దిగి దేవులాడారు. దొరకలేదు. పొద్దు వాలిపోతోందని చివరికి ఉత్త చేతులతోనే అన్నను మట్టిలో పెట్టారు.

కత్తి వాగులో పడలేదు. అది జొన్నల గుమ్మిలో ఉంది. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, బాపు లేని వేళ, అవ్వ గుమ్మిలోకి భుజం దాకా చెయ్యి పెట్టి దాన్ని తీయడం నేను చూశాను. ఒళ్లో పెట్టుకుని ఆముదం రాసింది. అంచు దగ్గరికి వచ్చినప్పుడు గుడ్డ వాడలేదు, వేలితోనే మెల్లగా రాసింది. నన్ను చూసి అదిరిపడలేదు. "గీ కడుపు వాడు చేసుకున్నదే బిడ్డా. వాని చెయ్యి గింతే మిగిలింది. దీన్నెట్ల మట్టిల పెడుదు?" అన్నది. నేను ఎవరికీ చెప్పలేదు. కానీ పెద్దబాపు అన్న మాట నా తలకాయలోంచి పోలేదు. కత్తి ఇక్కడుంది, అంటే అన్న ఇంకా చెట్టు మీదే ఉన్నాడు.

ఊరు కూడా అదే అనడం మొదలుపెట్టింది. బాపు చెట్లు దిగి ఇంటికొచ్చినాక కూడా, మాపటేళ వాగవతల గెల గీస్తున్న చప్పుడు వినబడిందని బర్లు కాసేవాళ్లు చెప్పారు. బాపు తప్ప అందరూ ఆ చెట్ల కిందికి పోవడం మానేశారు. నాకు మాత్రం భయంతోపాటు ఇంకొకటి ఉండేది, పోయి చూడాలని. ఒక సాయంత్రం పోయాను. అన్న పడిన చెట్టు కింద సన్నటి చెక్కులు రాలి ఉన్నాయి. అన్నీ ఎడమవైపుకే చుట్టుకుని ఉన్నాయి. ఒకే ఉరుకున ఇంటికొచ్చి బాపును చెయ్యి పట్టి లాక్కుపోయాను.

బాపు వంగి ఒక చెక్కు తీసుకున్నాడు, వాసన చూశాడు. "పాతయే బిడ్డా. అప్పట్నుంచి గిట్లనే వడి ఉన్నయ్. ఎండినయ్ చూడు, ఇరుగుతున్నయ్" అన్నాడు. నాకు ధైర్యం చెప్పి తను మాత్రం అక్కడే కూలబడ్డాడు. చాలాసేపు పైకి చూస్తూ ఉండిపోయాడు. లేచేటప్పుడు ఒక చెక్కును రుమాలు కొంగులో ముడేసుకున్నాడు.

అప్పటికే ఆ ఒక్క చెట్టు తప్ప అన్న చెట్లన్నీ బాపు గీస్తున్నాడు. అవి పారడం లేదు. లొట్టి అడుగు కూడా తడవడం లేదు. అన్న గీసిన గీత ఎడమకు వాలి ఉంది, బాపు కత్తి దానికి ఎదురు తగిలి నారను చింపేస్తోంది. పెద్దబాపు ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని మెల్లగా చెప్పాడు. "చెట్లను ఎండవెట్టుకుంట కూసుంటవా తమ్మీ? కులంల వేరేటోళ్లకు ఇయ్యరాదు?"

"వాని చెట్లు నేనే గీస్త."

"ఎట్ల గీస్తవ్? గవి పుర్రచేతికి మరిగినయ్."

"నేను గూడ నేర్సుకుంట."

పెద్దబాపు నవ్వలేదు. ఈ పున్నానికి పారకపోతే మాత్రం చెట్లు వేరేవాళ్లకు పోతాయని చెప్పి లేచిపోయాడు. ఆ చెట్లు చెయ్యి జారితే అన్న పోయింది ఒక్కసారి కాదు, రెండుసార్లవుతుంది. బాపు ముఖం చూస్తేనే ఆ మాట తెలిసిపోయింది.

ఆ మరునాటి నుంచి మా వాకిట్లో నూరడం వేరే రకంగా వినబడింది. అంతకుముందు ఒక దరువులా సాగే చప్పుడు, ఇప్పుడు తడబడుతూ, ఆగుతూ, గీరుకుంటూ వచ్చేది. బాపు ఎడమచేత్తో కత్తి పట్టుకున్నాడు. ముందుకు తోస్తాడు, మణికట్టు లేపాల్సిన చోట లేవదు. లేస్తే ఎక్కువ లేస్తుంది, అంచు కొరుక్కుపోతుంది. మళ్లీ మొదలు. వేళ్ల నిండా గుడ్డపేలికలు. తల నెరిసిన మనిషి, పలక పట్టిన పిల్లవాడి కంటే కనాకష్టంగా ఉన్నాడు. నేను పొడి దంచి దంచి ఇస్తూనే ఉన్నాను. అవ్వ పొయ్యి దగ్గర నుంచే చూసేది.

ఒక మధ్యాహ్నం అవ్వకే ఓపిక నశించింది. గుమ్మిలో చెయ్యి పెట్టి అన్న కత్తి తీసి బాపు ముందు పెట్టింది. "ముట్టి చూస్కో. చెక్క మీద మాత్రం పెట్టకు, వాడు చేసిన కడుపు పోతది."

బాపుకు ఆశ్చర్యం కలగలేదు. "గుమ్మిల ఉన్నదని నాకెరుకే. రొట్టెలన్ని ఆముదం వాసనొస్తున్నయ్ గదనే" అన్నాడు. అన్న పోయినాక మా ఇంట్లో మొదటిసారి అవ్వ ముఖంలో నవ్వు లాంటిది కనబడింది. వెంటనే పోయింది.

అప్పటి నుంచి బాపు కళ్లు మూసుకుని అన్న కత్తి అంచు మీద వేలు నడిపేవాడు. తరవాత తన కత్తి మీద. తల అడ్డంగా ఊపేవాడు. కడుపు ఎక్కడ మొదలవుతుందో దొరికింది గానీ చేయి దాన్ని పట్టుకోలేకపోతోంది. పున్నం దగ్గరపడుతోంది. బాపు తిండి మానేశాడు. నీళ్లు మాత్రం తాగేవాడు.

అట్లా నీళ్లు ముంచుకోబోయి ఒకరోజు ఆగిపోయాడు. "గీ కుండ ఎందుకే, ఎప్పుడు ఒక్క దిక్కే ఒరుగుతది?"

అవ్వ పొయ్యిలో కట్టె ఎగదోసింది. తరవాత చెప్పింది. "కిందున్నది వాని చెక్క."

కాళ్లకు తగులుతుంటే చూడలేక ఆ చెక్కను అవ్వే అక్కడ పెట్టి మీద కుండ దించిందట. బాపు కుండ పక్కకు జరిపి చెక్క తీశాడు. అన్న చేయి నడిచి నడిచి దాని నడిమిట్ల పల్లం పడి ఉంది. ఆ పల్లం ఎడమకు వాలి, చివర్లో పైకి లేచి ఉంది. బాపు వాకిట్లో కూర్చుని, పొడి చల్లి, ఎడమచేత్తో తన కత్తిని ఆ పల్లంలో పెట్టి తోశాడు. ఒకసారి తోసి ఆగాడు. మళ్లీ తోశాడు. "చెక్కనే తీస్కపోతున్నదే చెయ్యిని. వాడే వట్టుకున్నట్టున్నదే" అన్నాడు. అవ్వ గడప మీదే కూర్చుండిపోయింది. వాకిట్లో నుంచి వస్తున్న చప్పుడు బాపు చప్పుడు కాదు. అన్న నూరినప్పటి చప్పుడు. నేను అవ్వను గట్టిగా పట్టుకున్నాను. నాకు భయమేసింది, సంతోషమూ వేసింది. రెండూ ఒకేసారి వస్తాయని అప్పటిదాకా నాకు తెలియదు.

మూడో నాటి సాయంత్రం బాపు రెండు కత్తులూ పిడుల దాకా గుడ్డ కప్పి, అంచులు మాత్రం బయటికి ఉంచి, అవ్వ ముందు పెట్టాడు. "కండ్లు మూసుకుని చెప్పు. వానిది ఏది?"

అవ్వ కళ్లు మూసుకుంది. గీతగాడి భార్యకు పదును చూడటం ఎవరూ నేర్పనక్కర్లేదు. ఒకదాని మీద గోరు ఆనించింది, రెండోదాని మీద ఆనించింది. చాలాసేపటికి ఒకదాన్ని పట్టుకుంది. "గిదే. గిది నా కొడుకుది."

"అది నాదే" అన్నాడు బాపు.

అన్నను మట్టిలో పెట్టిన రోజు కూడా అవ్వ గొంతెత్తి ఏడవలేదు. ఆ సాయంత్రం ఏడ్చింది. ఏడ్చి, ముఖం తుడుచుకుని, రెండో కత్తి కూడా బాపు చేతిలో పెట్టింది. "ఇగ దీన్ని గూడ తీస్కపో. నూరు. వాని చెయ్యి నీకొచ్చింది, ఇగ పోదు."

చెట్లు పారాయి. కొనలు ఎండినా గెలల మొదట్లో పచ్చి మిగిలే ఉంది, పున్నానికి ముందే పారాయి. మొదటి లొట్టి తెచ్చినప్పుడు, అన్న పోయినాక కల్లు ముట్టని అవ్వ దొప్పెడు తాగి, "వాని చేతి కల్లే" అన్నది. పెద్దబాపు కూడా తాగాడు. తాగి, దొప్ప కింద పెట్టి, బాపును తేరిపార చూశాడు. బయటికి పోతూ అవ్వతో మెల్లగా అన్నాడు. "వాడు చెట్టు దిగలే మరదలా. వీని మీదికొచ్చిండు."

ఆ మాట అబద్ధమని నేను చెప్పలేను. బాపుకు కుడిచేతి గీత పోయింది. తన పాత చెట్లు ఎండిపోతే అవి వేరేవాళ్లకిచ్చి, అన్న చెట్లే గీసుకుంటూ బతికాడు. అన్నం తినేటప్పుడు ఎడమచెయ్యి కంచంలోకి పోయేది. అవ్వ చూసి తల తిప్పుకునేది. రెండు కత్తులూ నడుముకు కట్టుకునే ముస్తాదులో పెట్టుకుని మార్చి మార్చి వాడాడు. ఒకే చెక్క మీద, ఒకే చేత్తో నూరాడు. పిడులు ఊడిపోతే రెండింటికీ ఒకే తుమ్మకట్టెతో కొత్త పిడులు చెక్కించాడు. యేళ్ల తరబడి అవి కలిసే అరిగాయి. నూరుతున్నప్పుడు బాపును వెనక నుంచి చూస్తే నాకు అన్నా అని పిలవబుద్ధయ్యేది.

బాపు చెట్టు మీది నుంచి పడలేదు, ముసలితనంతో మంచంలోనే పోయాడు. అప్పటికి నేను మెట్‌పల్లిలో కాపురం చేస్తున్నాను. నేను పోయేసరికి వాకిలి నిండా మనుషులున్నారు. పెద్దబాపు అప్పటికే లేడు, అతని కొడుకు పెద్దరికం చేస్తున్నాడు. "కత్తి తెండ్రి చిన్నమ్మా, పొద్దువోతున్నది" అన్నాడు.

అవ్వ లోపలికి పోయి రెండు కత్తులూ తెచ్చింది. ఒకదాని మీద గోరు ఆనించింది. రెండోదాని మీద ఆనించింది. మళ్లీ మొదటిది తీసుకుంది. అవ్వ నా దిక్కు చూసింది. "బిడ్డా, నీకన్న తెల్వదా? మీ బాపుది ఏది?"

నేను తీసుకుని చూశాను. ఒకే బరువు, ఒకే వంపు, ఒకే కడుపు. నాకూ తెలియలేదు. తప్పు కత్తి పెడితే బాపు చెట్టు దిగడు. అన్న కత్తి బాపుతో పోతుంది, అన్నను అవ్వ ఇన్నేళ్లు దాచుకున్నది ఉత్తదే అవుతుంది.

"రెండూ పెట్టుండ్రి చిన్నమ్మా. పరేషాన్ ఉండదు" అన్నాడు పెద్దబాపు కొడుకు.

అవ్వ రెండు కత్తులూ రొమ్ముకు హత్తుకుంది. "ఇద్దర్ని ఒక్కపారే ఎట్ల పంపుదు బిడ్డా?" అన్నది. తరవాత కళ్లు మూసుకుని, ఏదో ఒకదాన్ని ముందుకు చాపింది. దాన్నే తీసుకుపోయి బాపు పక్కన పెట్టారు. ఏ పక్కన పెట్టాలని ఎవరో అడిగితే ఎడమ పక్కనే అన్నది.

మిగిలినదానితో అవ్వ ఒక్కతే ఆ ఇంట్లో ఉండిపోయింది. నేను పోయినప్పుడల్లా చూసేదాన్ని. సాయంత్రం దీపం ముట్టించి, కత్తిని ఒళ్లో పెట్టుకుని ఆముదం రాసేది. ఒకప్పుడు నూనె రాస్తూ కొడుకా అని మాట్లాడేది. ఇప్పుడు "కొడుకా" అని మొదలుపెట్టి ఆగిపోయేది. కొంచెంసేపు చూసి "ఏమయ్యా" అనేది. అదీ నమ్మకంగా రాక నోరు మూసుకునేది. కన్నుమూసేముందు ఆ కత్తిని పాత చీరెగుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది. ఎవరిదో మాత్రం చెప్పలేదు.

అది నా దగ్గరే ఉంది, బీరువాలో, చీరెల కింద. అప్పుడప్పుడు ఎవరూ లేనప్పుడు తీసి ఆముదం రాస్తాను. అన్నా అని పిలవాలో, బాపూ అని పిలవాలో నాకు తెలియదు. అందుకని ఏమీ అనకుండానే రాసి, మళ్లీ గుడ్డ చుట్టేస్తాను.